నెలకు పదహారు గంటల పోలీసు: మీ ప్రశ్నలు, నా జవాబులు

కిందటి నెల ఇదే శీర్షికలో రక్తపోటు మాత్రల గురించి రాస్తూ, నేను పగలు ఫార్మసిస్టునని, నెలలో కొన్ని రాత్రులు ఇంగ్లండులో జీతం లేని పోలీసునని ఒక వాక్యం రాశాను. ఆ వాక్యం మీద చాలా ఉత్తరాలు వచ్చాయి. తెనాలిలో పుట్టిన మనిషి అక్కడ పోలీసు ఎలా అయిందని కొందరు, జీతం లేకుండా పోలీసు పని ఏమిటని కొందరు అడిగారు. ఈ నెల శీర్షిక మొత్తం ఆ ఉత్తరాలకే.

మా అమ్మాయి రెడింగ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. స్పెషల్ కానిస్టేబుల్‌గా దరఖాస్తు పెట్టానని మొన్న ఫోనులో చెప్పింది. జీతం లేదట, రాత్రి డ్యూటీలట. ఆడపిల్ల, పరాయి దేశం. వద్దని చెప్పమంటారా?
— ఒక తండ్రి, గుంటూరు

వద్దని చెప్పకండి. ముందు అది ఏ పనో తెలుసుకోండి, తర్వాత మీ భయం మీ అమ్మాయితోనే చెప్పండి.

స్పెషల్ కానిస్టేబుల్ అంటే పోలీసులకు సాయం చేసే మనిషి కాదు, పోలీసే. అదే యూనిఫాం, అవే బేడీలు, అదే లాఠీ, ఛాతీ మీద అదే కెమెరా. అరెస్టు చేసే అధికారం, ఆపి సోదా చేసే అధికారం రెగ్యులర్ కానిస్టేబుల్‌కు ఎంత ఉంటాయో మాకూ అంతే. ఇంగ్లండు, వేల్స్ మొత్తం మీద ఆ అధికారం చెల్లుతుంది. తేడా ఒక్కటే. మేం వేరే ఉద్యోగం చేసుకుంటూ నెలకు కనీసం 16 గంటలు ఈ పని చేస్తాం. దారి ఖర్చులు ఇస్తారు, జీతం ఇవ్వరు.

నేను 2014లో ప్రమాణం చేశాను. పక్షపాతం లేకుండా, మనుషుల ప్రాథమిక హక్కులను కాపాడుతూ, అందరినీ సమానంగా గౌరవిస్తూ పనిచేస్తానని మేజిస్ట్రేటు ఎదుట నిలబడి చెప్పాలి. అంతకు ముందు నెలల తరబడి శని, ఆదివారాలు శిక్షణ. అరెస్టు చేసేటప్పుడు చదవాల్సిన హెచ్చరిక ఒకటి ఉంది. ‘మీరు ఏమీ చెప్పనవసరం లేదు. కాని ఇప్పుడు అడిగినప్పుడు చెప్పని విషయాన్ని తర్వాత కోర్టులో మీకు ఆధారంగా చెప్పుకుంటే మీ వాదన దెబ్బతినవచ్చు’ అని మొదలవుతుంది. మందుల షాపులో మాత్రలు లెక్కపెడుతూ దాన్ని కంఠతా పట్టాను. అందులో ఒక్క మాట కూడా తడబడకూడదని నాకు పట్టుదల. ఎదుటివాడు తాగి ఉన్నా, బూతులు తిడుతున్నా ఆ మాటలు అతని హక్కు.

శిక్షణ అయిన వెంటనే ఒంటరిగా వీధిలోకి పంపరు. పక్కన అనుభవం ఉన్న అధికారి ఉంటారు. ఒక్కో పని చేసి చూపించి, దాని మీద సంతకాలు చేయించుకుని, చాలా కాలం తర్వాతే సొంతంగా గస్తీకి అనుమతి వస్తుంది. నాకు ఏడాదిన్నర పట్టింది.

ప్రమాదం ఉందా అంటే ఉంది. మీకు అబద్ధం చెప్పను. పదకొండేళ్లలో రెండుసార్లు నా మీద ఉమ్మారు, ఒకసారి మోచేయి బెణికింది. శుక్రవారం రాత్రి బార్లు మూసే వేళ పని ఎప్పుడూ తేలిక కాదు. కాని ఆ రాత్రుల్లో నేను ఒంటరిగా లేను. మీ అమ్మాయి కూడా ఉండదు. మీరు అడగవలసింది ఒకటుంది. ఆమె పనిచేసే కంపెనీ ఈ సేవ కోసం జీతంతో కూడిన సెలవు ఇస్తుందో లేదో కనుక్కోమనండి. చాలా సంస్థలు ఇస్తాయి. లేకపోతే సెలవులన్నీ డ్యూటీలకే పోయి, గుంటూరు రావడానికి రోజులు మిగలవు. మా అమ్మ నాతో పోట్లాడింది ఆ ఒక్క విషయంలోనే.

నేను ఎం.ఎస్. చదవడానికి మాంచెస్టర్ వెళ్తున్నాను. స్టూడెంట్ వీసా మీద స్పెషల్ కానిస్టేబుల్ కావచ్చా?
— ఒక విద్యార్థి, హైదరాబాద్

కాలేరు. బ్రిటిష్ పౌరసత్వం తప్పనిసరి కాదు. భారతదేశం కామన్‌వెల్త్ దేశం కాబట్టి మన పాస్‌పోర్టు ఉన్నవారూ చేరవచ్చు. కాని అక్కడ ఉండడానికి గడువు, షరతులు లేని శాశ్వత నివాస అనుమతి ఉండాలి. పైగా మీ నేపథ్యం విచారించడానికి వీలుగా సాధారణంగా కనీసం మూడేళ్లు అక్కడ నివసించి ఉండాలి. వయసు 18 నిండాలి. చదువుకుని, స్థిరపడి, అప్పటికీ మనసు ఉంటే దరఖాస్తు పెట్టండి.

ముప్పై ఏళ్లు పోలీసు శాఖలో పనిచేసి హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాను. పగలంతా వేరే పని చేసుకుని, వారానికి ఒక పూట యూనిఫాం వేసుకునేవాళ్లకు ఈ పని ఎలా పట్టుబడుతుంది? అసలు పోలీసు చేయలేనిది మీరు చేసేది ఏమిటి?
— ఒక పాఠకుడు, వరంగల్

హెడ్ కానిస్టేబుల్ గారూ, మీ ప్రశ్నలో న్యాయం ఉంది. మీకు ముప్పై ఏళ్లలో పట్టుబడినది నాకు నెలకు రెండు మూడు డ్యూటీలతో రాదు. కేసు కట్టడంలో, సాక్ష్యం కూర్చడంలో రెగ్యులర్ అధికారులే నాకు గురువులు. నేను చేయగలిగింది వేరే ఉంది. ఒక సంగతి చెబుతాను, మీరే చూడండి.

నవంబరు నెల. అక్కడ సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. ఒక బస్టాపులో పెద్దావిడ ఒంటరిగా కూర్చుని ఉందని, ఏమడిగినా జవాబు చెప్పడం లేదని వైర్‌లెస్‌లో కబురు వచ్చింది. నేను, మరో స్పెషల్ కానిస్టేబుల్ కారులో వెళ్లాం. ఆయన పగలు ప్లంబరు. ఆ ఊళ్లోనే పుట్టి పెరిగినవాడు.

ఆవిడ నేత చీర కట్టుకుని, మీద మగవాళ్ల కోటు వేసుకుంది. కోటు చేతులు వేళ్లు దాటి వేలాడుతున్నాయి. కాళ్లకు ఇంట్లో వేసుకునే స్లిప్పర్లు, తడిసిపోయాయి. ఒళ్లో కొత్తిమీర కట్ట. దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఉంది. మా ప్లంబరు మోకాళ్ల మీద కూర్చుని నెమ్మదిగా ఇంగ్లీషులో పలకరిస్తున్నాడు. ఆవిడ చూపు అతని బేడీల మీద ఉంది. ఏదో తప్పు చేశానని, పట్టుకుపోతారని అనుకుంటోంది.

నేను పక్కన కూర్చుని, ‘అమ్మా, మీది ఏ ఊరు?’ అన్నాను.

ఆవిడ నా టోపీ వైపు చూసింది, నా మొహం వైపు చూసింది. ‘పామర్రు’ అంది. తర్వాత నా మణికట్టు పట్టుకుంది. ఆ చల్లదనం నాకు ఇప్పటికీ గుర్తే. పప్పులోకి కొత్తిమీర లేదని, మనవడు బడి నుంచి వచ్చేలోపు తెద్దామని బయల్దేరిందట. దుకాణం దొరికింది, ఇల్లు దొరకలేదు. అక్కడి వీధుల్లో ఇళ్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. చిరునామా తెలియదు. ఫోను ఇంట్లోనే ఉంది. కూతురి ఇంటిపేరు అత్తవారిది. అల్లుడి పేరు నోటితో చెప్పడానికి సిగ్గుపడుతోంది.

‘ఇంటి దగ్గర ఏముంటుందమ్మా?’ అంటే, మనవడి బడి ఉందని, దానికి ఎర్ర గేటు ఉందని, గేటు మీద గుడ్లగూబ బొమ్మ ఉందని చెప్పింది. అది నేను ఇంగ్లీషులో చెప్పేసరికి ప్లంబరు లేచి నిలబడ్డాడు. అది ఏ బడో, దాని వెనక వీధి ఏదో అతనికి తెలుసు. ఆ వీధిలో సగం ఇళ్ల పైపులు అతను చూసినవే. పది నిమిషాల్లో ఇల్లు దొరికింది. కూతురు గడప మీదే ఏడుస్తూ నిలబడి ఉంది.

ఆ సాయంత్రం పనికొచ్చినవి రెండు. ఒకటి నా తెలుగు, రెండోది అతనికి తెలిసిన ఎర్ర గేటు. రెండూ శిక్షణలో నేర్పేవి కావు. రెగ్యులర్ అధికారులు బదిలీల మీద వస్తారు, వెళతారు. మేం ఆ ఊళ్లోనే కూరగాయలు కొంటాం, పిల్లలను బడికి పంపుతాం. మీరు కూడా మీ సర్వీసులో ఏ ఊళ్లో ఎక్కువ కాలం ఉన్నారో ఆ ఊళ్లోనే దొంగలను ఎక్కువగా పట్టి ఉంటారని అనుకుంటున్నాను. కాదంటే రాయండి, వచ్చే నెల ప్రచురిస్తాను.

అమ్మానాన్నలను ఆరు నెలల పాటు అక్కడికి పిలిపించుకునే పిల్లలందరికీ ఇదే సందర్భంలో ఒక మాట. చిరునామా, మీ ఫోను నంబరు ఇంగ్లీషులో రాసిన చీటీ వారి కోటు జేబులో పెట్టండి. ఇంట్లో ఎన్ని కోట్లుంటే అన్నింటిలో పెట్టండి. వాళ్లు ఏది తగిలించుకుని బయటికి వెళతారో మీకు తెలియదు.

మా వారు పదిహేనేళ్లుగా హోంగార్డు. ఆయనదీ స్వచ్ఛంద సేవే అంటారు. మరి మీరూ ఆయనా ఒకటేనా? ఆయన డ్యూటీకి వెళ్లని రోజు మాకు డబ్బు రాదు.
— ఒక సోదరి, విజయవాడ

చెల్లీ, ఒకటి కాదు. ఒకటేనని నేను అంటే అది మీ ఆయన కష్టాన్ని తక్కువ చేసినట్టవుతుంది.

పుట్టుకలో రెండూ దగ్గరివే. మన దేశంలో హోంగార్డులు 1946 డిసెంబరు 6న బొంబాయిలో మొదలయ్యారు. మత కల్లోలాల కాలంలో పోలీసులకు తోడుగా పౌరులే నిలబడాలన్నది ఉద్దేశం. 1962లో చైనాతో యుద్ధం తర్వాత అన్ని రాష్ట్రాల్లో ఒకే తరహా స్వచ్ఛంద దళంగా ఉండాలని కేంద్రం సూచించింది. డాక్టర్లు, లాయర్లు, రైతులు, విద్యార్థులు తమ పనులు చేసుకుంటూ తీరిక వేళల్లో కొన్నేళ్లు సేవ చేసి వెళతారన్నది కాగితం మీది మాట. అది అచ్చంగా నేను చేస్తున్న పనే.

కాని విజయవాడలో నడివేసవిలో కూడలి మధ్య నిలబడి ట్రాఫిక్ నడిపే మనిషి తీరిక వేళ గడపడం లేదు. అది ఆయన ఉద్యోగం. మీ ఇంటి బియ్యం, పిల్లల ఫీజు ఆ డ్యూటీ భత్యం నుంచే రావాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఆ భత్యం 2019లో రోజుకు 600 రూపాయల నుంచి 710కి పెరిగింది. తెలంగాణలో 921 ఉన్నదాన్ని 2025 జనవరి నుంచి 1,000 చేశారు. పెంచిన ప్రతిసారీ సంతోషమే. కాని పదిహేనేళ్లుగా రోజూ చేసే పనిని ‘స్వచ్ఛందం’ అని పిలవడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది. ఆ మాట వల్ల సెలవు, పింఛను, ఉద్యోగ భద్రత అడిగే దారి మూసుకుపోతుంది.

సుప్రీంకోర్టు 2015 మార్చిలో హిమాచల్ ప్రదేశ్ హోంగార్డుల కేసులో తీర్పు ఇస్తూ, వారి సర్వీసును క్రమబద్ధం చేయమని ఆదేశించలేమంది. అయితే నెలలో 30 రోజుల డ్యూటీ భత్యం కలిపితే, పోలీసు సిబ్బందికి దక్కే కనీస వేతనానికి తగ్గకుండా ఉండాలని స్పష్టంగా చెప్పింది. మీ వారి సంఘం పెద్దలకు ఈ తీర్పు తెలిసే ఉంటుంది. తెలియకపోతే ఈ పేజీ చూపించండి.

నేను జీతం తీసుకోకుండా పనిచేయగలుగుతున్నానంటే, నా ఇల్లు మందుల షాపు జీతంతో నడుస్తోంది కాబట్టి. డ్యూటీ వద్దనుకున్న నెల నేను మానేయగలను. మీ ఆయన మానలేరు. మానే స్వేచ్ఛ ఉన్నప్పుడే అది స్వచ్ఛందం. ఇంగ్లండులో ఆ స్వేచ్ఛను జనం వాడుకుంటున్నారు కూడా. 2012లో స్పెషల్ కానిస్టేబుళ్లు 20,000 దాటి ఉండేవారు, 2024 నాటికి 7,000 లోపుకు వచ్చారు. చాలామంది రెగ్యులర్ పోలీసు ఉద్యోగాల్లో చేరారు, కొందరికి బతుకు బరువై తీరిక మిగలలేదు. మా స్టేషనులో నాతో ప్రమాణం చేసినవాళ్లలో ఇప్పుడు ఇద్దరమే ఉన్నాం. నాకు బాధగానే ఉంటుంది. కాని వెళ్లినవాళ్లను ఎవరూ ఆపలేదు, వాళ్ల ఇంట్లో పొయ్యి ఆరిపోలేదు.

మామూలు మనుషులకు పోలీసు అధికారం ఇవ్వడం మంచిదంటారా? మా బడిలో సరిహద్దు అవతల ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చేసిన కుటుంబాల పిల్లలు చదువుతున్నారు. వాళ్ల ఊళ్లలో ‘ఎస్పీవో’ అన్న మాటకు ఇప్పటికీ భయపడతారు.
— ఒక ఉపాధ్యాయుడు, భద్రాచలం

మాస్టారూ, మీ ఉత్తరం చదివి రెండు రోజులు పక్కన పెట్టాను. తొందరపడి జవాబు రాయకూడదనిపించింది.

ఎస్పీవో, అంటే స్పెషల్ పోలీస్ ఆఫీసర్, నా పదవికి చుట్టమే. ఇంగ్లండులో 1831లో ఒక చట్టం చేశారు. అల్లర్లు జరుగుతాయని భయం ఉన్నప్పుడు మేజిస్ట్రేట్లు పౌరులతో ప్రమాణం చేయించి కానిస్టేబుళ్లుగా నిలబెట్టవచ్చు. కాదన్నవారికి జరిమానా. 1848 ఏప్రిల్ 10న లండన్‌లో చార్టిస్టులు ఓటు హక్కు కోసం పెద్ద సభ పెట్టినప్పుడు, వాళ్లను అడ్డుకోవడానికి వేలాది మందిని అలా నిలబెట్టారు. తర్వాత ఫ్రాన్స్ చక్రవర్తి అయిన లూయీ నెపోలియన్ వాళ్లలో ఒకడు. అంటే మా పదవి మొదట్లో ఉన్నవాళ్ల తరఫున లేనివాళ్ల మీదికి నిలబెట్టినదే. ఈ చరిత్ర నేను దాచను. అది శాశ్వత దళంగా, ఊరి మనుషులు ఊరి కోసం చేసే పనిగా మారడానికి మొదటి ప్రపంచ యుద్ధం, ఆ తర్వాత 1923 నాటి చట్టం కావలసి వచ్చాయి.

భారతదేశంలో బ్రిటిష్‌వారు 1861 పోలీసు చట్టంలో అదే ఏర్పాటు పెట్టారు. అలజడి ఉన్నచోట మేజిస్ట్రేటు ఆ చుట్టుపక్కల వాళ్లను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించవచ్చు. కాదంటే 50 రూపాయల వరకు జరిమానా. ఛత్తీస్‌గఢ్ 2007లో తన సొంత పోలీసు చట్టం చేసుకుని, దాని కింద మావోయిస్టుల మీద పోరుకు ఆదివాసీ యువకులను ఎస్పీవోలుగా తీసుకుంది. నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనం, రెండు నెలల శిక్షణ, చేతికి తుపాకి. ఐదో తరగతి చదివిన పిల్లలకు శిక్షాస్మృతి, సాక్ష్యాధారాల చట్టం ఆ కొద్ది రోజుల్లోనే నేర్పామని ప్రభుత్వం కోర్టుకు చెప్పుకుంది.

2011 జులై 5న సుప్రీంకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. తీర్పు ఇచ్చిన ధర్మాసనంలో జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి గారు మన తెలుగువారే. సమానత్వపు హక్కు, జీవించే హక్కు రెండూ భంగమయ్యాయని ఆ తీర్పు చెప్పింది. చావుకు ఎదురు నిలబడే పనిని అతి తక్కువ డబ్బుకు, అతి తక్కువ శిక్షణతో, వేరే దారి లేని పిల్లల చేత చేయించడం తగదని దాని సారం. నా శిక్షణ రోజుల్లో ఆ తీర్పు ముద్రించుకుని మొత్తం చదివాను. ఒక బెణికిన మోచేయికి నాకు ఎన్ని కాగితాలు నింపి, ఎంత విశ్రాంతి ఇచ్చారో తలచుకుంటే, ఆ పిల్లలు గుర్తొస్తారు.

మీ ప్రశ్నకు నా జవాబు ఇది. మామూలు మనిషికి పోలీసు అధికారం ఇవ్వవచ్చు. కాని ఆ మనిషి రెగ్యులర్ పోలీసుకు లోబడే ప్రతి నియమానికీ లోబడాలి. నా మీద ఎవరైనా ఫిర్యాదు చేస్తే, రెగ్యులర్ అధికారి మీద విచారించినట్టే విచారిస్తారు. నా ఛాతీ మీద కెమెరా నన్ను కూడా చూస్తుంది. ఈ ఏర్పాట్లు లేని చోట, కడుపు చేతపట్టుకుని వచ్చినవాడికి లాఠీ ఇచ్చినా తప్పే, తుపాకి ఇస్తే మహాపరాధం. మీ బడి పిల్లలు భయపడేది మామూలు మనిషికి కాదు, జవాబు చెప్పనవసరం లేని మనిషికి.

దీపావళికి ముందు మా వీధిలో రెండు తెలుగువాళ్ల ఇళ్లలో బంగారం పోయింది. దొంగలు మన ఇళ్లే ఎంచుకుంటున్నారా?
— ఒక గృహిణి, హౌన్‌స్లో, లండన్

ఎంచుకుంటున్నారు. దక్షిణాసియా కుటుంబాల ఇళ్లలో ఇరవై రెండు క్యారెట్ల బంగారం ఉంటుందని దొంగలకు తెలుసు. పండుగలకు, పెళ్లిళ్లకు లాకరు నుంచి తెచ్చి ఇంట్లో పెడతారనీ తెలుసు. అందుకే దీపావళి ముందు పోలీసులు ప్రత్యేకంగా హెచ్చరికలు ఇస్తారు. నగలు వేసుకున్న ఫోటోలు పండుగ రోజునే అందరికీ కనబడేలా పెట్టకండి. ప్రతి నగనూ పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి దాచుకోండి. దొరికిన నగ మీదేనని రుజువు చేయడానికి అదే ఆధారం. ఇంటి బీమాలో ఒక్కో వస్తువుకు ఎంత వరకు ఇస్తారో ఇవాళే చదవండి. నేను చూసిన కేసుల్లో ఎక్కువమంది ఆ సంగతి పోయాకే తెలుసుకున్నారు. దొంగ ఇంట్లో ఉండగానే అయితే అత్యవసర నంబరు 999కి, తర్వాత తెలిస్తే పోలీసుల మామూలు నంబరు 101కి ఫోన్ చేయండి.

మన వాళ్ల ఇంట్లో గొడవకు మీరు వెళ్లవలసి వస్తే ఎవరి పక్షం ఉంటారు? తెలుగు పోలీసు వస్తే మా విషయం మా వాళ్లందరికీ తెలిసిపోతుందని భయం.
— పేరు వద్దన్న ఒక చెల్లెలు, ఇంగ్లండు

నీ ఉత్తరం మొత్తం ఇక్కడ వేయలేదు, వేయను.

తెలిసినవాళ్ల ఇంటికి నన్ను పంపితే, వాళ్లు నాకు తెలుసని వెంటనే పై అధికారికి చెప్పాలి. వేరేవాళ్లను పంపుతారు. డ్యూటీలో విన్నది బయట చెబితే నా పదవి పోతుంది, నేరం కూడా అవుతుంది. తెలుగు వచ్చు కదా అని వాంగ్మూలానికి నేను దుభాషిగా కూర్చోను. అందుకు బయటి నుంచి అర్హత ఉన్న దుభాషిని పిలుస్తారు. నీ మాట నీ మాటగానే కాగితం మీదికి రావాలి.

చేయి చేసుకుంటున్నాడని రాశావు. 999కి ఫోన్ చెయ్యి. అతను పక్కనే ఉండి మాట్లాడలేకపోతే మొబైల్ నుంచే చెయ్యి, అడిగినప్పుడు 55 నొక్కు, పోలీసులకు కలుపుతారు. 55 నొక్కినంత మాత్రాన నువ్వు ఎక్కడున్నావో వాళ్లకు తెలిసిపోదు, కాబట్టి లైను పెట్టేయకు. అవతలివాళ్లు అవును, కాదు అని చెప్పగలిగేలా అడుగుతారు, దగ్గడమో ఫోను మీద తట్టడమో చేసినా అర్థం చేసుకుంటారు. ఇంకా పోలీసుల దాకా వెళ్లే ధైర్యం లేకపోతే 0808 2000 247కి చెయ్యి. గృహహింస బాధిత స్త్రీల కోసం ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా నడుస్తుంది. ఇంగ్లీషు తడబడుతుందని వెనకాడకు. ఎక్కడికి చేసినా ముందు ‘తెలుగు’ అన్న ఒక్క మాట చెప్పు, దుభాషిని లైనులోకి తీసుకొస్తారు.